గీత గీసిందెవరో చెప్పండి: డిజిటల్ పటాల తయారీదారులకు బహిరంగ లేఖ

ఫోన్లలో, కంప్యూటర్లలో మేం రోజూ చూసే పటాలను తయారుచేస్తున్న సంస్థల బాధ్యులకు, ఇంజనీర్లకు, డిజైనర్లకు, వాళ్ళకు సమాచారం అందిస్తున్న సర్వే శాఖల అధికారులకు

నమస్కారం.

నేను భూగోళశాస్త్రం పాఠం చెప్పే మనిషిని. పాత పటాలు వెతుక్కుని చూడడం నాకున్న పిచ్చి. మీ పటాలు తప్పుల తడకలని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఇంత కచ్చితమైన పటాలు మనిషి ఎప్పుడూ గీయలేదు, ఇంతమంది చేతికి ఎప్పుడూ అందలేదు. ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను. నా ఫిర్యాదు వేరే. మీ పటం మీద ఉన్న ఒక గీత ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు, కొలిచి గీశారా, ఎవరో చెప్పింది విని గీశారా, ఏదో ప్రభుత్వం గీయమంటే గీశారా అన్నది చూసేవాడికి తెలిసే దారి లేదు. వేలితో అటూ ఇటూ జరుపుతుంటే భూమే తనంతట తాను కనబడుతున్నట్టు ఉంటుంది. అలా అనిపించడమే మీ పనితనానికి గుర్తని మీరు అనుకుంటూ ఉండొచ్చు. పటాల చరిత్ర కొంచెం తెలిసినవాళ్ళకు మాత్రం సరిగ్గా అక్కడే భయం వేస్తుంది.

ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

బ్రిటిష్ మ్యూజియంలో అరచేతిలో పట్టేంత మట్టి పలక ఒకటి ఉంది. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దం ప్రాంతపు బాబిలోనియా పలక. దాని మీద ప్రపంచం ఒక చక్రం, చుట్టూ 'చేదు నది' అనే సముద్రం, లోపల బాబిలోన్ నగరం. 1154లో సిసిలీ రాజు రెండో రోజర్ కోసం అల్ ఇద్రీసీ గీసిన ప్రపంచంలో దక్షిణం పైన ఉంటుంది. హియర్‌ఫర్డ్ చర్చిలో ఉన్న 1300 ప్రాంతపు పటంలో తూర్పు పైన, జెరూసలేం నట్టనడుమ. 1402లో కొరియాలో గీసిన కాంగ్నిడో పటంలో చైనా మధ్యలో పరుచుకుని ఉంటుంది, కొరియా ఏకంగా ఆఫ్రికాకు దీటుగా పెరిగి ఉంటుంది. వీటిని చూసి పిల్లలు నవ్వుతారు. నవ్వనిచ్చి, తర్వాత ఒక సంగతి చూపిస్తాను. ఈ పటాల్లో ఒక్కటీ తన గుట్టు దాచుకోలేదు. గీసినవాడు ఎక్కడ నిలబడి లోకాన్ని చూశాడో, ఎవరి మెప్పు కోసం గీశాడో చూడగానే తెలిసిపోతుంది.

గెరార్డస్ మెర్కేటర్‌ది మరీ చక్కటి ఉదాహరణ. 1569లో 18 కాగితాల మీద అచ్చువేసిన తన ప్రపంచ పటానికి ఆయన పెట్టిన పేరులోనే 'నావికుల ఉపయోగానికి తగినట్టు సవరించినది' అని ఉంది. పటం మీద ఖాళీ దొరికిన చోటల్లా పెట్టెలు కట్టి, ఏ పద్ధతిలో గీశాడో, ఎందుకలా గీశాడో లాటిన్‌లో రాసుకుంటూ పోయాడు. ఉత్తర ధ్రువం దగ్గర ఏముందో ఆయనకు తెలియదు, అప్పటికి యూరపులో ఎవరికీ తెలియదు. అయినా నాలుగు దీవులు, వాటి మధ్య పాయలుగా లోపలికి దూసుకుపోయే సముద్రం, నడిమధ్య నల్లటి కొండ గీసేశాడు. శుద్ధ కల్పన. కానీ పక్కనే, ఇది యాకోబస్ క్నోయెన్ అనే యాత్రికుడి రాతల్లోంచి తీసుకున్నదని రాశాడు. కట్టుకథను గీస్తూ కూడా కథ చెప్పిందెవరో చెప్పిన మనిషి ఆయన! తర్వాతివాళ్ళకు ఆ కొండను కొట్టేయడం అందుకే తేలికైంది.

మెర్కేటర్ పద్ధతిలో దిక్కుల కోణం చెడదు. ఓడ ఒకే దిక్కు పట్టుకుని పోతే ఆ దారి పటం మీద తిన్నని గీతగా వస్తుంది. దానికి చెల్లించాల్సిన మూల్యం విస్తీర్ణం. భూమధ్యరేఖ నుంచి దూరం జరిగేకొద్దీ అన్నీ ఉబ్బిపోతాయి. సుమారు 22 లక్షల చదరపు కిలోమీటర్ల గ్రీన్‌లాండ్, 3 కోట్ల చదరపు కిలోమీటర్లున్న ఆఫ్రికా పక్కన సమానంగా కూర్చుంటుంది. ఇది ఆయన దాచిన లోపం కాదు, చెప్పి మరీ చేసిన బేరం. చెడ్డది ఏమిటంటే, 'నావికుల కోసం' అన్న ముక్కను ఊడబెరికి అదే పటాన్ని తరగతి గోడలకు, వార్తాపత్రికలకు ఎక్కించారు. తరాల తరబడి పిల్లలు ఆఫ్రికా చిన్నదనుకుంటూ పెరిగారు. 2025లో ఆఫ్రికా సమాఖ్య ఈ పటాన్ని పక్కనబెట్టి విస్తీర్ణాలను నిజాయితీగా చూపే పటం వాడాలన్న ఉద్యమానికి మద్దతు పలికింది. 450 ఏళ్ళ కిందటి ఒక లెక్క మీద ఒక ఖండం ఇప్పుడు మాట్లాడాల్సి రావడం చిన్న విషయం కాదు.

మీరు వాడేది కూడా దాని మనవడినే. వీధి స్థాయికి దగ్గరికి వెళ్ళినప్పుడు మూలలు వంకర పోకుండా ఉండాలని, ప్రపంచాన్ని చతురస్రపు ముక్కలుగా కోసి తెరకు పంపాలని మెర్కేటర్‌ను ఎంచుకున్నారు. చతురస్రం కుదరడానికి రెండు వైపులా 85 డిగ్రీల అక్షాంశం దగ్గర ధ్రువాలను కత్తిరించేశారు. ఇంజనీరింగ్ దృష్టిలో సబబైన నిర్ణయమే. 2018లో గూగుల్ తన కంప్యూటర్ పటాన్ని దూరంగా జరిపితే గ్లోబులా కనబడేట్టు మార్చింది, సంతోషం. ఆ ధ్రువాలు ఏమయ్యాయో మాత్రం పటం మీద ఎవరూ ఒక్క వాక్యం రాయలేదు. మెర్కేటర్ ఆ వాక్యం రాసేవాడు.

ఇక మూలం చెప్పకుండా గీస్తే ఏమవుతుందో చూడండి. బెంగాల్‌కు మొదటి సర్వేయర్ జనరల్‌గా చేసిన జేమ్స్ రెన్నెల్, ఆ రోజుల్లో ఆయన మాటంటే మాటే. ముంగో పార్క్ అనే యాత్రికుడు నైజర్ నదీ ప్రాంతం నుంచి తిరిగొచ్చి దూరాన కొండలు కనిపించాయన్నాడు. నైజర్ సముద్రంలో కలవకుండా లోనాడులోనే ఎక్కడో ఇంకిపోతుందన్న తన సిద్ధాంతానికి దక్షిణాన ఒక అడ్డుగోడ కావాలి కాబట్టి, రెన్నెల్ 1798లో పశ్చిమ ఆఫ్రికా వెడల్పునా ఒక పర్వతశ్రేణి గీశాడు. కొంగ్ పర్వతాలు పుట్టాయి. అట్లాసు వెనక అట్లాసు వాటిని ఎక్కించింది. కొందరు మంచు శిఖరాలు కూడా పెట్టారు. వెళ్ళినవాళ్ళకు కనబడకపోతే, వాళ్ళు సరైన చోటికి వెళ్ళలేదన్నారు తప్ప పటాన్ని అనుమానించలేదు. 1880ల చివర్లో లూయీ గుస్తావ్ బింజే అనే ఫ్రెంచి అధికారి స్వయంగా కొంగ్ పట్టణానికి వెళ్ళి అక్కడ పర్వతాలు కాదు కదా చెప్పుకోదగ్గ గుట్టలు కూడా లేవని రాసేదాకా 90 ఏళ్ళు అవి బతికాయి. ఆ తర్వాత కూడా కొన్ని అట్లాసుల్లో ఇంకొంతకాలం మొండిగా నిలబడ్డాయి. ఒకడి ఊహను ఇంకొకడు, వాణ్ని చూసి మరొకడు దించుకుంటూ పోతే, మూడో చేతికి వచ్చేసరికి అది ఊహ అన్న సంగతే చెరిగిపోతుంది.

పాతకాలపు ముచ్చట అనుకుంటారేమో. 2012 నవంబరులో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు కోరల్ సముద్రంలో, న్యూ కాలిడోనియాకు పశ్చిమాన, శాండీ ద్వీపం ఉన్న చోటికి పరిశోధక నౌకలో వెళ్ళారు. దీవి లేదు. వెయ్యి మీటర్లకు పైగా లోతున్న నీళ్ళున్నాయి. 1876లో ఒక తిమింగిలాల వేట ఓడ చూశానన్న మాట పటాలకెక్కింది. ఫ్రెంచివాళ్ళు దశాబ్దాల ముందే తమ జలపటాల్లోంచి కొట్టేశారు. కానీ కాగితం పటాల్ని కంప్యూటర్లలోకి ఎక్కించేటప్పుడు ఆ దీవి గూడా ఎక్కి, అక్కడినుంచి గూగుల్ పటాల దాకా వచ్చింది. ఇందులో నన్ను కలిచివేసేది దీవి లేకపోవడం కాదు. పాత జలపటాల్లో ఇలాంటి వాటి పక్కన రెండు పొడి అక్షరాలు వేసే ఆచారం ఉండేది. ఒకటి 'ఉనికి సందేహం', ఇంకొకటి 'స్థానం సందేహం'. నావికుడు ఆ అక్షరాలు చూసి జాగ్రత్తపడేవాడు. డిజిటల్‌లోకి వచ్చేసరికి దీవి తీరరేఖ మిగిలింది, సందేహం రాలిపోయింది. పటం మెరుగుపడిందని మనం అనుకుంటున్న కాలంలోనే నిజాయితీ ఒక మెట్టు దిగింది.

ఖాళీ వదలడం కూడా ఒక విద్యే. పారిస్‌లో పనిచేసిన దాన్‌విల్ 1749లో ఆఫ్రికా పటం గీసినప్పుడు, అంతకుముందు పటాల్ని నింపిన ఏనుగులు, కల్పిత సరస్సులు, ఊహా రాజ్యాలు తుడిచేసి, ఆధారం లేని చోట తెల్లగా వదిలేశాడు. తెలియదు అని తెల్లగా చెప్పడం. ఇంతకంటే మర్యాదైన పని పటాల చరిత్రలో నాకు కనబడలేదు. కానీ ఆ తెలుపుకు తర్వాత పట్టిన గతి వేరు. 1884–85లో బెర్లిన్‌లో 14 దేశాల ప్రతినిధులు సమావేశమై ఆఫ్రికాను ఏ నియమాల మీద పంచుకోవాలో మాట్లాడుకున్నారు. ఆఫ్రికా నుంచి ఒక్క ప్రతినిధి లేడు. మాకు తెలియదు అని ఉన్న చోటును అక్కడ ఎవరూ లేరు అని చదువుకున్నారు. కాబట్టి ఖాళీ వదిలితే సరిపోదు, ఎందుకు ఖాళీయో కూడా పక్కన రాయాలి. మీ పటాల్లో బస్తీల మధ్య, అడవుల మధ్య బూడిదరంగు ఖాళీలు చూస్తుంటాను. ఇళ్ళు లేవా, వీధుల ఫొటోలు తీసే మీ కారు అక్కడికి వెళ్ళలేదా? రెంటికీ ఒకే రంగు ఎలా వేస్తారు?

కొలిచి, శ్రద్ధగా, నిక్కచ్చిగా గీసిన పటం అమాయకమైనదని కూడా అనుకోవద్దు. ఐర్లండులో 1655–56లో విలియం పెట్టీ జరిపిన డౌన్ సర్వే ఆ కాలానికి అద్భుతం. అంత వివరంగా ఒక దేశపు కమతాలను కొలిచినవాళ్ళు అప్పటికి అరుదు. కొలిచింది క్యాథలిక్కుల దగ్గర లాక్కున్న భూమిని ఇంగ్లండు పాలకుడు క్రామ్‌వెల్ సైనికులకు, అప్పులిచ్చినవాళ్ళకు పంచడానికి. 1641లో ఐర్లండు భూమిలో సగానికి పైగా క్యాథలిక్కులది. ఆ శతాబ్దం ముగిసేసరికి నాలుగో వంతు కూడా మిగల్లేదు. ఆ కాలానికి వీలైనంత శ్రద్ధగానే గొలుసు పట్టారు, లెక్క కట్టారు. పటం కచ్చితంగా ఉండబట్టే అన్యాయం అంత సాఫీగా జరిగింది.

సరిహద్దుల సంగతికి వస్తే, 1945 ఆగస్టు 10 రాత్రి వాషింగ్టన్‌లో ఇద్దరు అమెరికన్ సైనికాధికారులు నేషనల్ జియోగ్రాఫిక్ పటం ముందేసుకుని అరగంటలో కొరియాను 38వ అక్షాంశం దగ్గర రెండు చేశారు. 1947 జులై 8న మొదటిసారి భారతదేశంలో కాలుపెట్టిన సిరిల్ రాడ్‌క్లిఫ్ అనే బ్రిటిష్ న్యాయవాది, అయిదు వారాల్లో పంజాబును, బెంగాల్‌ను చీల్చే గీత గీశాడు. ఆ గీత జనానికి ప్రకటించింది ఆగస్టు 17న. అంటే స్వాతంత్ర్యం వచ్చాక రెండు రోజులు కొన్ని జిల్లాలవాళ్ళకు తాము ఏ దేశంలో ఉన్నారో తెలియదు. ఇవి అందరికీ తెలిసిన కథలే. అంతగా తెలియని ఇంకో కథ మీ పనికి మరింత దగ్గరగా ఉంటుంది.

1904లో, అప్పటికి కంబోడియాను ఏలుతున్న ఫ్రాన్స్, సయాం (ఇప్పటి థాయిలాండ్) ఒప్పందం చేసుకున్నాయి. ఇప్పటి కంబోడియా, థాయిలాండ్‌ల మధ్య ఆ కొండల్లో నీళ్ళు ఇటూ అటూ విడిపోయి పారే మిట్టగీతే సరిహద్దు. పటాలు గీసే సాధన తమ దగ్గర లేదని సయాం ప్రభుత్వం ఆ పని ఫ్రెంచి అధికారులకే అప్పగించింది. 1907లో గీసి, మరుసటేడు పారిస్‌లో అచ్చువేసిన పటాల్లో ప్రియ విహార్ ఆలయం కంబోడియా వైపు పడింది. మిట్టగీత ప్రకారం చూస్తే అది అటు పడకూడదని తర్వాత థాయిలాండ్ వాదన. కానీ పటాలు అందినప్పుడు బ్యాంకాక్‌లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పైగా సయాం హోంమంత్రి ప్రిన్స్ దామ్రోంగ్ కృతజ్ఞతలు చెప్పి, రాష్ట్రాల గవర్నర్లకు పంచడానికి ఇంకో 15 ప్రతులు కావాలని అడిగాడు. 1934–35లో తమ సర్వే తేడా చూపించినా థాయిలాండ్ పాత పటాన్నే వాడుతూ పోయింది. 1962 జూన్ 15న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం 9–3తో ఆలయం కంబోడియాదని తేల్చింది. పటాన్ని అంగీకరించినట్టే ప్రవర్తించారు కాబట్టి ఇప్పుడు కాదనడానికి లేదు అన్నది సారాంశం. ఒప్పందంలో రాసిన మాటను, కొండ మీద పారే నీటిని, అచ్చయిన కాగితం ఓడించింది. 2008 నుంచి 2011 దాకా ఆ చుట్టుపక్కల తుపాకులు పేలాయి. 2025లో ఆ సరిహద్దు వెంట మళ్ళీ పేలాయి. ఇప్పటికీ రెండు పక్షాలూ వేర్వేరు పటాలు పట్టుకునే కూర్చున్నాయి.

ఊరుకోవడం ఒప్పుకోవడంగా మారుతుందని ఆ తీర్పు చెబుతోంది. కోట్లమంది రోజూ చూసి ఊరుకునేది మీ పటాన్ని.

అతిశయోక్తి కాదు. 2010లో నికరాగువా సైనికులు కోస్టారికాతో వివాదం ఉన్న సాన్ హువాన్ నది ముఖద్వారం దగ్గరి భూమిలో దిగినప్పుడు, అక్కడి అధికారి తమ వాదనకు గూగుల్ పటాన్ని చూపించాడు. ఆ పటంలో సరిహద్దు కొన్నిచోట్ల 2.7 కిలోమీటర్ల దాకా పక్కకు పోయిందని ఆ సంస్థే తర్వాత ఒప్పుకుంది. గీత అమెరికా విదేశాంగ శాఖ ఇచ్చిన సమాచారం నుంచి వచ్చిందని కూడా అప్పుడే చెప్పింది. 2015లో న్యాయస్థానం ఆ భూమి కోస్టారికాదని తీర్పిచ్చింది. నా ప్రశ్న ఒక్కటే. ఆ గీత మూలం గొడవ జరిగాక బ్లాగులో చెప్పారు కదా, అంతకుముందే ఆ గీత మీద వేలు పెడితే కనబడేలా ఎందుకు లేదు? కనబడి ఉంటే ఆ అధికారి దాన్ని అంత ధీమాగా చూపగలిగేవాడా?

వివాదాస్పద సరిహద్దుల్ని చూసేవాడు ఉన్న దేశాన్ని బట్టి మార్చి చూపిస్తున్నారని తెలుసు. చట్టాలు అలా ఉన్నప్పుడు మీకు వేరే దారి లేదు, నిందించను. అయితే నేను చూస్తున్నది నా దేశపు చట్టం ప్రకారం గీసిన రూపమనీ, సరిహద్దు అవతల కూర్చున్నవాడికి ఇదే పటం ఇంకోలా కనబడుతోందనీ చెప్పే ఒక్క వాక్యం కావాలి. ఆ వాక్యానికి కూడా ఒప్పుకోని ప్రభుత్వాలు ఉండొచ్చు. అక్కడ మీ చేతులు కట్టేసి ఉంటాయి సరే, మిగతా చోట్ల ఎవరు కట్టేశారు? ఎదురెదురుగా ఉన్న ఇద్దరు మనుషులకు వేర్వేరు ప్రపంచాలు చూపిస్తూ, ఇద్దరికీ అదే సత్యమన్న భరోసా కలిగించడం ఏ కాలపు రాజులకూ సాధ్యం కాలేదు. సోవియట్ యూనియన్ దశాబ్దాల తరబడి జనానికి అమ్మే పటాల్లో కావాలనే రోడ్లు, నదులు పక్కకు జరిపింది. 1988లో వాళ్ళ పటాల శాఖ అధిపతే ఆ మాట బయటపెట్టాడు. అయితే ఆ అబద్ధం కూడా అందరికీ ఒకటే అబద్ధం.

ఈ అబద్ధాల మధ్య నాకు నచ్చినది ఒకటుంది, పిట్టకథగా చెప్పనివ్వండి. 1930ల్లో అమెరికాలో ఒక పటాల కంపెనీ, తమ పటాన్ని ఎవరైనా దొంగిలిస్తే పట్టుకోవడానికి, ఆగ్లో అనే లేని ఊరిని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక కూడలి దగ్గర గీసింది. కొన్నాళ్ళకు ఇంకో కంపెనీ పటంలోనూ ఆగ్లో వచ్చింది. దొంగ దొరికాడనుకునేలోపు, అక్కడ నిజంగానే ఆగ్లో పేరుతో ఒక దుకాణం వెలిసిందని తేలింది. పటంలో ఆ పేరు చూసే పెట్టారట! పటం లోకాన్ని చూసి గీస్తారు. అప్పుడప్పుడు లోకమే పటాన్ని చూసి తయారవుతుంది.

అది నవ్వుకునే కథ. నవ్వురానిది అదే దేశంలో, అదే దశాబ్దంలో జరిగింది. ఇళ్ళ అప్పుల కోసం ఏర్పడిన ఒక ప్రభుత్వ సంస్థ 200కు పైగా నగరాలను రంగులుగా విడగొట్టింది. మంచి పేటలకు ఆకుపచ్చ, అప్పివ్వడం ప్రమాదమనుకున్న వాటికి ఎరుపు. నల్లజాతివాళ్ళు ఉన్న పేట దాదాపు ఎప్పుడూ ఎరుపే. ఆ రంగుల వల్లే అప్పులు ఆగిపోయాయా, అప్పటికే బ్యాంకుల్లో ఉన్న వివక్షనే ఆ రంగులు కాగితం మీద పెట్టాయా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. వాదన లేని సంగతి ఒకటుంది. ఎరుపు పూసిన పేటలో బతికినవాళ్ళకు ఆ పటం ఎవరూ చూపించలేదు. ఈ రోజు మీ పటాల మీద పొరలు పొరలుగా పేర్చిన సమాచారం చూసి బీమా సంస్థలు, సరుకు చేరవేసే సంస్థలు నిర్ణయాలు తీసుకుంటున్నాయి. ఆ పొరల్లో మా వీధికి ఏ రంగు పడిందో మాకు తెలియదు.

పేర్ల విషయం ఎక్కువ సాగదీయను. 1852లో భారత సర్వే శాఖలో లెక్కలు కట్టే రాధానాథ్ సిక్‌దార్ లెక్కల్లో, హిమాలయాల్లోని 15వ శిఖరం అన్నిటికంటే ఎత్తయినదని తేలింది. స్థానికంగా పేరేదీ దొరకలేదంటూ ఆ శాఖ అధిపతి ఆండ్రూ వా దానికి తన ముందటి అధికారి ఎవరెస్ట్ పేరు ప్రతిపాదించాడు. ఆ ఎవరెస్టే, అక్కడివాళ్ళు పలకలేని పేరు వద్దన్నాడు. వినలేదు. విచిత్రమేమిటంటే చోమోలుంగ్మా అన్న దాని టిబెటన్ పేరు, యూరపు ఉచ్చారణలో కాస్త నలిగి, 1730ల్లోనే పారిస్‌లో అచ్చయిన పటంలో ఉంది. గీసింది ఎవరనుకున్నారు? ఆఫ్రికాను తెల్లగా వదిలిన ఆ దాన్‌విల్ గారే. పేరు దొరకలేదా, వెతకలేదా?

పటం గీయడం మీ పద్ధతిలోనే జరగాలని కూడా లేదు. 1769లో కెప్టెన్ కుక్ ఓడ ఎక్కిన తుపాయియా అనే పాలినీషియా నావికుడు పసిఫిక్‌లో 74 దీవులతో ఒక పటం చేయించాడు. అక్షాంశ రేఖాంశాల్లో పెట్టి చూస్తే దీవులు చోటు తప్పినట్టు ఉండడంతో, ఆయనకు తెలియదులే అనుకున్నారు రెండు శతాబ్దాలు. ఒక్కో దీవి నుంచి బయలుదేరితే ఇంకో దీవి ఏ దిక్కున వస్తుందో చూపే పటం అదని ఇటీవలి పరిశోధకులు వివరిస్తున్నారు. తప్పు చదివినవాళ్ళది. కెనడా ఉత్తరాన ఇన్యూట్ ప్రజలు 1970ల్లో తమ పెద్దల చేత వేట తిరిగిన దారులు, చేపలు పట్టే చోట్లు పటాల మీద గుర్తుపెట్టించారు. ఆ పటాలు, వాటితో 1976లో అచ్చయిన నివేదిక, వాళ్ళ భూమి హక్కుల చర్చలకు పునాది అయ్యాయి. 1999 ఏప్రిల్ 1న నూనవుట్ అనే ప్రాంతం ఏర్పడింది. లాక్కోవడానికి వాడిన పనిముట్టే తిరిగి అడగడానికీ పనికొచ్చింది. ఆ పటాల్లో ప్రతి గీత వెనకా ఫలానా వేటగాడు చెప్పాడన్న ఆధారం ఉంది కాబట్టే వాటికి విలువ వచ్చింది.

ఇలా రాస్తుంటే నేను పటాలంటే కోపంగా ఉన్నానని అనుకుంటారేమో, కాదు. 1854లో లండన్‌లో కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు ఏ ఇంట్లో ఎన్ని చావులో ఒక్కో గీతగా పటం మీద పేర్చాడు. గీతలన్నీ బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ పోగయ్యాయి. కథలో చెప్పేటట్టు పటం చూసి పంపు పిడి ఊడదీయలేదు. పిడి సెప్టెంబరు 8న తీశారు, పటం ఆ తర్వాత, జబ్బు నీళ్ళ ద్వారా పాకుతోందన్న తన వాదన నలుగురికీ చూపించడానికి గీశాడు. ఆ వాదన తప్పని నిరూపించాలని ఇల్లిల్లూ తిరిగిన హెన్రీ వైట్‌హెడ్ అనే చర్చి పూజారి, చివరికి స్నో మాటే నిజమని ఒప్పుకుని, జబ్బు మొదలైన ఇంటిని తానే కనిపెట్టాడు. ఎలా సాధ్యమైంది? స్నో వేసిన ప్రతి గీతనూ ఒక ఇంటి తలుపు తట్టి సరిచూసుకునే వీలుంది. నేనడిగే వీలు కూడా అదే, ఇంకేమీ కాదు.

తెర చిన్నది, వివరాలన్నీ పెడితే పటం గందరగోళమవుతుందని మీ డిజైనర్లు అంటారు. పటం ముఖమంతా రాయమనడం లేదు. ఒక గీత మీద, పేరు మీద, దారి మీద వేలు నొక్కిపెడితే అది ఎక్కడినుంచి వచ్చింది, ఎప్పుడు సరిచూశారు, ఎంత నమ్మకం అనే మూడు ముక్కలు కనబడితే చాలు. 2004లో మొదలైన, ఎవరైనా గీసి సవరించగల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఇంచుమించు ఇదే జరుగుతోంది. ప్రతి మార్పూ ఏ సభ్యుడు చేశాడో, ఏ తేదీన చేశాడో చరిత్రగా నిలిచి ఉంటుంది. 2010 జనవరి 12న హైటీలో భూకంపం వచ్చినప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి వాలంటీర్లు ఉపగ్రహ చిత్రాలు చూసి పోర్టో ప్రిన్స్ వీధులు రోజుల్లో గీశారు. సహాయక బృందాలు ఆ పటమే వాడాయి. అంత హడావుడిలో కూడా ఎవరు గీశారన్న లెక్క తప్పిపోలేదు. మీకున్న డబ్బు, మనుషులు వాళ్ళకు లేరు.

మొదలుపెట్టాల్సింది దేశాల సరిహద్దులతో. వాటి సంఖ్య తక్కువ, ఏ ఒప్పందం, ఏ తీర్పు, ఏ ప్రభుత్వం అన్నది ఎక్కువ భాగం రికార్డుల్లో ఉన్నదే, మీరు గీత ఎవరి దగ్గర కొన్నారో మీ ఖాతాల్లో ఉండనే ఉంటుంది. తర్వాత ఊళ్ళ పేర్లు, అక్కడివాళ్ళు పిలుచుకునేవి కూడా కలిపి. ఆ పైన దారులు, ఖాళీలు. సరిచూసి పెట్టడానికి మనుషులు చాలకపోతే కబురు చేయండి. నాలాంటి భూగోళం మాస్టార్లు, పదవీ విరమణ చేసిన సర్వేయర్లు, పాత పటాల పిచ్చివాళ్ళు మీరనుకునేదాని కంటే ఎక్కువమందిమే ఉన్నాం, జీతం కూడా అడగం.

ఇట్లు,
ఒక భూగోళశాస్త్ర ఉపాధ్యాయుడు